విలువ మార్చాను, సర్వర్ మాత్రం పాతదాన్నే పట్టుకు కూర్చుంది

ప్రశ్న: నమస్తే సర్. నేను సీ షార్ప్‌లో పని చేసే డెవలపర్‌ని. ఈ రంగంలోకి వచ్చి ఎంతో కాలం కాలేదు. మా టీమ్‌లో నాలుగైదు అప్లికేషన్లు కలిసి వాడుకునే కామన్ లైబ్రరీ ఒకటి ఉంది. సర్వీస్ కాల్ ఫెయిలైతే ఎన్నిసార్లు ప్రయత్నించాలో చెప్పే ‘మ్యాక్స్‌రిట్రీస్’ అనే కాన్‌స్ట్ (కోడ్‌లోనే రాసేసే, మారని విలువ) అందులో ఉంది. విలువ 3. దాన్ని 5 చేయమన్నారు. మార్చి, లైబ్రరీ బిల్డ్ చేసి, ఆ డీఎల్‌ఎల్ (బిల్డ్ చేస్తే వచ్చే లైబ్రరీ ఫైలు) ఒక్కటే సర్వర్‌లో కాపీ చేశాను. నా మెషీన్‌లో 5 సార్లు ప్రయత్నిస్తోంది. సర్వర్‌లో మాత్రం 3 దగ్గరే ఆగిపోతోంది. రీస్టార్ట్ చేసినా అంతే. ‘కాన్‌స్ట్‌లన్నీ తీసేసి స్టాటిక్ రీడ్‌ఓన్లీ పెట్టు’ అని మా లీడ్ అంటున్నారు. ‘కాన్‌స్టే ఫాస్ట్, ముట్టుకోకు’ అని ఇంకో సీనియర్ అంటున్నారు. మధ్యలో నాకు టెన్షన్. ఇది చాలదన్నట్టు, రీడ్‌ఓన్లీ అని పెట్టిన లిస్టులోకి ఎవరో కొత్త ఐటమ్ చేర్చేశారు. ఎర్రర్ కూడా రాలేదు! అసలు ఈ రెండింటికీ తేడా ఏమిటి? ఎప్పుడు ఏది వాడాలి?

సమాధానం: ముందు సర్వర్ సంగతి చూద్దాం, ఎందుకంటే అక్కడ ఎవరో ఎదురు చూస్తూ ఉంటారు. ఆ లైబ్రరీని వాడుతున్న అప్లికేషన్లను కొత్త లైబ్రరీతో మళ్లీ బిల్డ్ చేసి, వాటిని కూడా డిప్లాయ్ చేయండి. 5 వచ్చేస్తుంది. సర్వర్‌లో ఏ తప్పూ లేదు, క్యాష్ గొడవ కాదు, మీరు కాపీ చేసిన డీఎల్‌ఎల్ కూడా సరైనదే. కాకపోతే మీ అప్లికేషన్ ఆ విలువ కోసం ఆ డీఎల్‌ఎల్ వైపు కన్నెత్తి కూడా చూడటం లేదు.

ఎందుకు చూడదో చెబుతాను. మీ అప్లికేషన్ కోడ్‌లో ‘లిమిట్స్ డాట్ మ్యాక్స్‌రిట్రీస్’ అని రాశారనుకోండి. కంపైల్ చేసేటప్పుడు కంపైలర్ లైబ్రరీలోకి వెళ్లి, అది కాన్‌స్ట్ అనీ దాని విలువ 3 అనీ చూసుకుంటుంది. ఆ తర్వాత మీ కోడ్‌లో ఆ పేరున్న చోటల్లా 3 పెట్టేస్తుంది. పేరు పోయింది, అంకె మిగిలింది. మీరు చేత్తో 3 అని టైపు చేసినా, ఆ కాన్‌స్ట్ పేరు రాసినా, బయటికొచ్చే ఫలితం ఒక్కటే. అప్లికేషన్ బిల్డ్ అయిన రోజున లైబ్రరీలో ఏ అంకె ఉందో అదే దానిలో అచ్చయిపోతుంది. తర్వాత లైబ్రరీని ఎన్నిసార్లు మార్చినా ఆ అచ్చు మారదు.

నా మాట మీద నమ్మక్కర్లేదు, కళ్లతోనే చూడొచ్చు. సర్వర్‌లో ఉన్న అప్లికేషన్ డీఎల్‌ఎల్‌ను ఐఎల్‌స్పై అనే టూల్‌లో తెరిచి, ఆ రిట్రై లూప్ ఉన్న మెథడ్‌ను ఐఎల్ (కంపైలర్ తయారు చేసే మధ్యంతర కోడ్) వ్యూలో చూడండి. లూప్ షరతు దగ్గర ‘ఎల్‌డీసీ డాట్ ఐ4 డాట్ 3’ అనే సూచన కనిపిస్తుంది. ‘3 అనే అంకెను స్టాక్ మీద పెట్టు’ అని దానర్థం. మీ లైబ్రరీ పేరు గానీ, లిమిట్స్ క్లాసు పేరు గానీ ఆ లైన్లో ఉండవు. అదే ఫీల్డును స్టాటిక్ రీడ్‌ఓన్లీగా (ఒకసారి విలువ పడ్డాక మళ్లీ మార్చనివ్వని ఫీల్డుగా) మార్చి అప్లికేషన్‌ను బిల్డ్ చేసి మళ్లీ చూస్తే, అక్కడ ‘ఎల్‌డీఎస్‌ఎఫ్‌ఎల్‌డీ’ అనే సూచన, దాని పక్కనే క్లాసు పేరు, ఫీల్డు పేరు ఉంటాయి. ప్రోగ్రామ్ నడిచేటప్పుడు ఆ ఫీల్డు దగ్గరికి వెళ్లి అప్పుడు అందులో ఏముందో తెచ్చుకోమని అర్థం. మీ లీడ్‌కీ ఆ సీనియర్‌కీ మధ్య నడుస్తున్న వాదన మొత్తానికి మూలం ఈ ఒక్క లైను.

ఇంకోలా చెప్పాలంటే, కాన్‌స్ట్ అనేది ఎవరో మీ ఫోన్ నంబరును కాగితం మీద రాసుకుని వెళ్లిపోవడం లాంటిది. రీడ్‌ఓన్లీ అయితే అవసరమైన ప్రతిసారీ మిమ్మల్నే అడిగి నంబరు తీసుకోవడం. మీరు నంబరు మార్చుకుంటే మొదటివాళ్ల దగ్గర పాతదే ఉంటుంది.

మరి మీ మెషీన్‌లో 5 ఎలా వచ్చింది? అక్కడ లైబ్రరీ, అప్లికేషన్ ఒకే సొల్యూషన్‌లో ఉండి ఉంటాయి. బిల్డ్ నొక్కగానే, లైబ్రరీ మారిందని గమనించి అప్లికేషన్ కూడా మళ్లీ కంపైల్ అయిపోతుంది. కాబట్టి ఈ రకం బగ్ డెవలపర్ మెషీన్‌లో ఎప్పటికీ బయటపడదు. మొత్తం ఒకేసారి బిల్డ్ చేసే టెస్ట్ సర్వర్‌లోనూ బయటపడదు. ఒక్క ముక్కను మాత్రమే మార్చిన చోటే పడుతుంది, అంటే సాధారణంగా ప్రొడక్షన్‌లోనే.

మీది నిజానికి తేలిక కేసు. మీ అప్లికేషన్లు మీ చేతిలో ఉన్నాయి, రీబిల్డ్ చేస్తే సరిపోయింది. మధ్యలో ఇంకో లైబ్రరీ ఉంటే చూడండి ఏమవుతుందో. మీ కామన్ లైబ్రరీని వాడుకుని వేరే టీమ్ ఒక ప్యాకేజీ తయారు చేసింది. మీ అప్లికేషన్ ఆ ప్యాకేజీనీ వాడుతుంది, నేరుగా కామన్ లైబ్రరీనీ వాడుతుంది. ఇప్పుడు కామన్ లైబ్రరీ కొత్త వెర్షన్‌కు మారి, అప్లికేషన్‌ను పూర్తిగా రీబిల్డ్ చేశారు. అయినా ఆ ప్యాకేజీ పాత వెర్షన్‌తో కంపైలై ప్యాకేజీ ఫీడ్‌లోకి వెళ్లిపోయిందే, దాని లోపల పాత అంకె అలాగే ఉంటుంది. మీ కోడ్ 5 అంటుంది, ప్యాకేజీ 3 అంటుంది. ఒకే ప్రాసెస్‌లో, ఒకే పేరుకు, ఒకేసారి రెండు విలువలు.

రిట్రైల విషయంలో అయితే రెండు ప్రయత్నాలు తగ్గుతాయి, అంతే. అదే ఆ కాన్‌స్ట్ ఒక ఫీల్డులో ఎన్ని అక్షరాలు పట్టాలో చెప్పే గరిష్ఠ పొడవు అనుకోండి. కొత్త పొడవుతో చెక్ చేసి మీ కోడ్ ఓకే అంటుంది, పాత పొడవు దగ్గర ప్యాకేజీ టెక్స్‌టును కత్తిరించేస్తుంది. ఎర్రర్ లేదు, లాగ్ లేదు. యూజర్ రాసిన దాంట్లో చివరి ముక్క మాయం. సోర్స్ కోడ్ ఎన్నిసార్లు తిరగేసినా కారణం కనబడదు, ఎందుకంటే సోర్స్‌లో అంతా కరెక్టుగానే ఉంది.

కాబట్టి కాన్‌స్ట్ వాడాలా వద్దా అని తేల్చుకునేటప్పుడు, ప్రోగ్రామ్ నడిచేటప్పుడు ఈ విలువ మారుతుందా అన్నది అడగాల్సిన ప్రశ్న కాదు. ఆ లెక్కన రెండూ మారవు. అడగాల్సినవి ఇవి: ఈ విలువ వచ్చే వెర్షన్‌లో మారే అవకాశం ఉందా? దీన్ని నా డీఎల్‌ఎల్ బయట ఎవరైనా చూడగలరా? రెండింటికీ అవును అనే జవాబు వస్తే అది పబ్లిక్ కాన్‌స్ట్ కాకూడదు.

ఇక్కడ అసలు ప్రమాదం కాన్‌స్ట్‌లో కంటే పబ్లిక్ అన్న మాటలోనే ఉంది. ప్రైవేట్ కాన్‌స్ట్‌ను ఆ క్లాసు తప్ప వేరెవరూ చూడలేరు, విలువ మారితే ఆ క్లాసు ఎలాగూ మళ్లీ కంపైల్ అవుతుంది. పాత అచ్చు మిగిలే ప్రసక్తే లేదు. ఇంటర్నల్ అయినా అంతే, ఒకే డీఎల్‌ఎల్‌లో ఉన్నదంతా కలిసే కంపైల్ అవుతుంది. ఇంటర్నల్స్‌విజిబుల్‌టు పెట్టి మీ ఇంటర్నల్స్‌ను ఇంకో డీఎల్‌ఎల్‌కు చూపిస్తే మాత్రం మళ్లీ మొదటికే వస్తుంది. అందుకే ‘కాన్‌స్ట్‌లన్నీ తీసేయ్’ అన్న మీ లీడ్ మాటను అక్షరాలా పాటించకండి. మెథడ్ లోపల రాసుకున్న లోకల్ కాన్‌స్ట్‌లు, ప్రైవేట్ కాన్‌స్ట్‌లు వెతికి మరీ మార్చడం వృథా శ్రమ. లోకల్ వేరియబుల్‌కు రీడ్‌ఓన్లీ విలువ పెట్టుకునే వీలే సీ షార్ప్‌లో లేదు కూడా.

పబ్లిక్ కాన్‌స్ట్‌గా ఉండటానికి అర్హత ఉన్నవి ఏవో డాట్‌నెట్ సొంత లైబ్రరీలోనే చూడొచ్చు. మ్యాథ్ క్లాసులోని పై విలువ కాన్‌స్ట్. ఇంట్ టైపు గరిష్ఠ విలువ కాన్‌స్ట్. టైమ్‌స్పాన్‌లో రోజుకు ఎన్ని టిక్‌లు అన్నది కూడా కాన్‌స్టే. సెకనుకు కోటి టిక్‌ల లెక్కన అది 86,400 కోట్లు. వీటిలో ఏదైనా రేపు మారితే దాన్ని కొత్త ఫీచర్ అనరు, లెక్క తప్పింది అంటారు. రిట్రైల సంఖ్య, టైమౌట్, పేజీ సైజు, పన్ను రేటు, సర్వర్ అడ్రస్, ప్రొడక్ట్ వెర్షన్ నంబరు వంటివి ఆ జాతివి కావు. వెర్షన్ నంబరును పబ్లిక్ కాన్‌స్ట్‌గా పెట్టడం మరీ విడ్డూరం. కొత్త డీఎల్‌ఎల్ పెట్టాక కూడా అప్లికేషన్ నేను పాత వెర్షన్‌నే అని చెబుతూ ఉంటుంది.

ఇక మీ సీనియర్ చెప్పిన వేగం. కాన్‌స్ట్ విలువ నేరుగా సూచనలోనే ఉంటుంది కాబట్టి ఫీల్డు దాకా వెళ్లే పని తప్పుతుంది, అది నిజమే. కానీ నేటి డాట్‌నెట్‌లో ఆ తేడా దాదాపు మాయమైంది. 2019లో వచ్చిన డాట్‌నెట్ కోర్ 3.0 నుంచి టైర్డ్ కంపైలేషన్ మామూలుగానే ఆన్‌లో ఉంటుంది. అంటే, తరచూ నడిచే మెథడ్‌ను జిట్ కంపైలర్ (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు కంపైల్ చేసేది) రెండోసారి, ఇంకా శ్రద్ధగా కంపైల్ చేస్తుంది. అప్పటికి క్లాసు ఇనిషియలైజ్ అయిపోయి ఉంటుంది గనుక, స్టాటిక్ రీడ్‌ఓన్లీలో ఉన్న అంకెను చూసి దాన్నీ స్థిర విలువగానే వాడేస్తుంది. అది ఇఫ్ షరతులో వాడిన బూల్ అయి, విలువ ఫాల్స్ అయితే ఆ ఇఫ్ బ్లాకు మొత్తాన్నే వదిలేయగలదు. ఇంత ధైర్యం ఎలా వచ్చిందంటే, అదే వెర్షన్ నుంచి ఇనిషియలైజ్ అయిపోయిన స్టాటిక్ రీడ్‌ఓన్లీని రిఫ్లెక్షన్‌తో (నడుస్తున్న ప్రోగ్రామ్‌లో ఫీల్డును పేరుతో వెతికి పట్టుకునే పద్ధతితో) మార్చబోతే ఎక్సెప్షన్ వస్తుంది. ఎవరూ మార్చలేరు కాబట్టి జిట్ నిశ్చింతగా నమ్ముతుంది. పైగా మీది నెట్‌వర్క్ కాల్‌ను మళ్లీ ప్రయత్నించే లూప్. కాల్‌కు కాల్‌కు మధ్య మిల్లీసెకన్లు గడిచిపోయే చోట ఫీల్డు చదవడానికి పట్టే సమయం గురించి కొట్లాడుకోవడం నవ్వులాట.

అయితే కాన్‌స్ట్ తప్పనిసరైన చోట్లు కొన్ని ఉన్నాయి. ఆట్రిబ్యూట్‌కు ఇచ్చే ఆర్గ్యుమెంట్, స్విచ్‌లోని కేస్ లేబుల్, మెథడ్ పారామీటర్‌కు డిఫాల్ట్ విలువ. ఈ మూడింటికీ విలువ కంపైల్ టైమ్‌లోనే తెలియాలి, రీడ్‌ఓన్లీ పెడితే కంపైలర్ ఒప్పుకోదు. స్ట్రింగ్ డాట్ ఎంప్టీని డిఫాల్ట్ పారామీటర్‌గా ఇవ్వబోయి ఎర్రర్ తిన్నవాళ్లు చాలామందే ఉంటారు. అది కాన్‌స్ట్ కాదు, స్టాటిక్ రీడ్‌ఓన్లీ. అక్కడ ఖాళీ కోట్స్ పెట్టాల్సిందే.

అటువైపు, కాన్‌స్ట్‌లో పట్టేవి తక్కువ. అంకెలు, క్యారెక్టర్, బూల్, స్ట్రింగ్, ఈనమ్ (అంకెలకు పేర్లు పెట్టిన జాబితా), అంతే. మిగతా రిఫరెన్స్ టైపుల్లో నల్ తప్ప ఇంకేమీ పెట్టలేం. తేదీ, గ్విడ్, టైమ్‌స్పాన్, లిస్టు, రెజెక్స్ ఇవన్నీ స్టాటిక్ రీడ్‌ఓన్లీకే వెళ్లాలి. కాన్‌స్ట్ ఎప్పుడూ క్లాసుకు చెందినదే, ఆబ్జెక్టుకు కాదు. ఒక్కో ఆబ్జెక్టుకు ఒక్కో విలువ కావాలి, అది కన్‌స్ట్రక్టర్‌లో ఒకసారి పడ్డాక మారకూడదు అంటే స్టాటిక్ లేని మామూలు రీడ్‌ఓన్లీ ఫీల్డు వాడతాం. డిపెండెన్సీలను కన్‌స్ట్రక్టర్‌లో తీసుకుని దాచుకునే చోట మీరు రోజూ చూసేది అదే.

ఇక్కడ కాన్‌స్ట్ వైపు నుంచి ఒక మాట చెప్పకపోతే అన్యాయం. లెక్కల్లో తప్పుంటే దాన్ని అది బిల్డ్‌లోనే పట్టిస్తుంది. రోజుకు సెకన్లు 86,400. దాన్ని 1,000తో, మళ్లీ 1,000తో గుణిస్తే రోజుకు మైక్రోసెకన్లు 8,640 కోట్లు. ఇంట్‌లో పట్టేది సుమారు 214 కోట్లు. మొదటి విలువ కాన్‌స్ట్ అయితే రెండోదాన్ని ఇంట్‌గా రాయగానే విలువ పట్టడం లేదని కంపైలర్ ఎర్రర్ ఇచ్చి బిల్డ్ ఆపేస్తుంది. మొదటిది స్టాటిక్ రీడ్‌ఓన్లీ ఇంట్ అయితే బిల్డ్ హాయిగా పాసవుతుంది, నడిపితే 50,06,54,080 వస్తుంది. ఇది నెగటివ్ అంకె కూడా కాదు, చూడగానే అనుమానం రావడానికి. మామూలు సెట్టింగుల్లో ఓవర్‌ఫ్లోను రన్‌టైమ్ పట్టించుకోదు మరి.

స్టాటిక్ రీడ్‌ఓన్లీలో ఇంకో చిక్కు వరస. స్టాటిక్ ఫీల్డులు ఫైలులో రాసిన క్రమంలోనే పైనుంచి కిందికి నిండుతాయి. పై లైన్లో ‘మొత్తం = వరసలు ఇంటూ సైజు’ అని, కింది లైన్లలో వరసలకు, సైజుకు విలువలు రాశారనుకోండి. పై లైను నడిచే సమయానికి కిందివి ఇంకా సున్నాలే. మొత్తం కూడా సున్నా అయి, రీడ్‌ఓన్లీ కాబట్టి ఎప్పటికీ సున్నాగానే ఉండిపోతుంది. ఫీల్డులను అక్షర క్రమంలో సర్దే టూల్ ఒకటి నడిపితే చాలు, నిన్నటిదాకా పని చేసిన కోడ్ ఇవాళ సున్నా చూపిస్తుంది. కాన్‌స్ట్‌లను ఏ వరసలో రాసినా కంపైలరే చూసుకుంటుంది. మీ లీడ్ చెప్పారు కదా అని ఫైండ్ అండ్ రీప్లేస్‌తో కాన్‌స్ట్‌లన్నీ మార్చేస్తే ఈ రెండు గోతుల్లో ఏదో ఒకదాంట్లో పడే అవకాశం బాగానే ఉంది. మార్చే ప్రతి చోటా ఆ విలువ మీద ఆధారపడి ఇంకో విలువ ఉందేమో చూసుకోండి.

ఇప్పుడు మీ లిస్టు సంగతి. రీడ్‌ఓన్లీ అని రాస్తే లిస్టు గడ్డకట్టుకుపోదు. ఆ ఫీల్డులో ఇంకో లిస్టును తెచ్చి పెట్టకూడదు, అంతే దాని నిబంధన. ఉన్న లిస్టులోకి యాడ్ చేయొచ్చు, క్లియర్ చేయొచ్చు, అర్రే అయితే మూడో గడిలో ఉన్నదాన్ని తీసి ఇంకోటి పెట్టొచ్చు. కంపైలర్ కిక్కురుమనదు. పబ్లిక్ స్టాటిక్ రీడ్‌ఓన్లీ అర్రే అంటే నిజానికి అందరూ రాయగలిగే గ్లోబల్ వేరియబులే, పేరు ఎంత గంభీరంగా ఉన్నా.

దీన్ని ఐరీడ్‌ఓన్లీలిస్ట్ టైపుగా బయటపెడితే కొంత నయం, కానీ వెనకాల ఉన్నది మామూలు లిస్టే అయితే క్యాస్ట్ చేసి యాడ్ చేసే ఘనులు ఉంటారు. లిస్టు మీద యాజ్‌రీడ్‌ఓన్లీ పిలిస్తే ఆ దారి మూసుకుపోతుంది. అది కాపీ కాదని మాత్రం గుర్తుంచుకోండి, అసలు లిస్టు మీ దగ్గర మారితే దీంట్లోనూ మార్పు కనిపిస్తుంది. అసలు ఎవరూ ఎప్పుడూ మార్చకూడదు అంటే ఇమ్యూటబుల్అర్రే వాడండి. ఒకసారి నింపి వేలసార్లు వెతికే పని అయితే, 2023లో డాట్‌నెట్ 8తో వచ్చిన ఫ్రోజెన్‌సెట్, ఫ్రోజెన్‌డిక్షనరీ దానికోసమే ఉన్నాయి.

స్ట్రక్ట్ (ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఇస్తే కాపీ అయ్యే టైపు) దగ్గర ఇది తిరగబడుతుంది. క్లాసు ఆబ్జెక్టు అయితే రీడ్‌ఓన్లీ అన్నా లోపల మారుతుంది, స్ట్రక్ట్ అయితే మారాలనుకున్నా మారదు. రీడ్‌ఓన్లీ ఫీల్డులో ఒక కౌంటర్ స్ట్రక్ట్ ఉండి, దాని ఇంక్రిమెంట్ మెథడ్‌ను పిలిస్తే, కంపైలర్ ముందుగా ఒక కాపీ తీసి ఆ కాపీ మీద మెథడ్ నడుపుతుంది. కాపీలో ఒకటి పెరుగుతుంది, అసలు కౌంటర్ సున్నా దగ్గరే ఉంటుంది. 2017లో సీ షార్ప్ 7.2లో వచ్చిన రీడ్‌ఓన్లీ స్ట్రక్ట్‌గా రాస్తే లోపలివి మార్చే మెథడే రాయనివ్వదు, ఆ కాపీ ఖర్చూ తప్పుతుంది. కొత్తగా రాసే స్ట్రక్ట్‌లను అలాగే రాయడం మంచిది.

ఇక మీరు రేపు ఆఫీసులో ఏం చేయాలి? మ్యాక్స్‌రిట్రీస్‌ను స్టాటిక్ రీడ్‌ఓన్లీ చేయమన్న మీ లీడ్ సలహా సరైన దిక్కునే ఉంది గానీ, నన్నడిగితే ఒక అడుగు ముందుకు వేసి గెట్ మాత్రమే ఉన్న పబ్లిక్ స్టాటిక్ ప్రాపర్టీ పెట్టమంటాను. కారణం ఉంది. ఇవాళ ఫీల్డు పెట్టి, ఏడాది తర్వాత ఆ విలువను సెట్టింగ్స్ నుంచి చదవాలని దాన్ని ప్రాపర్టీగా మార్చారనుకోండి. రీబిల్డ్ కాని పాత అప్లికేషన్లు ఆ ఫీల్డు కోసం వెతికి, దొరక్క మిస్సింగ్‌ఫీల్డ్ ఎక్సెప్షన్‌తో కూలిపోతాయి. మొదటినుంచీ ప్రాపర్టీ అయితే లోపల 5 అని రాసి ఉన్నా, ఫైలు నుంచి చదివినా, బయటివాళ్లకు తేడా తెలియదు. చిన్న ప్రాపర్టీలను జిట్ మామూలుగా అక్కడికక్కడే కలిపేస్తుంది కాబట్టి దీని వేగం గురించి కూడా బెంగ అక్కర్లేదు.

కాన్‌స్ట్ నుంచి ప్రాపర్టీకి మారడం వల్ల నడుస్తున్న పాత అప్లికేషన్లు కూలిపోవు. వాటిలో ఆ పేరే లేదు కదా, తమలో అచ్చయిన 3తో అవి నడుస్తూనే ఉంటాయి. ఆ మార్పు తర్వాత అందరూ ఒక్కసారి రీబిల్డ్ చేసుకుంటే, అక్కడి నుంచి మీరు మొన్న చేసినట్టు డీఎల్‌ఎల్ ఒక్కటే మార్చినా సరిపోతుంది. ఆ ఒక్క రీబిల్డ్‌లో కొందరికి ఎర్రర్లు రావొచ్చు, ముందే చెప్పి ఉంచండి. ఆ కాన్‌స్ట్‌ను ఎవరైనా ఆట్రిబ్యూట్‌లోనో కేస్ లేబుల్‌లోనో డిఫాల్ట్ పారామీటర్‌లోనో వాడి ఉంటే వాళ్ల కోడ్ కంపైల్ కాదు. కేస్ ఉన్నచోట ఇఫ్ రాసుకోవాలి, డిఫాల్ట్ పారామీటర్ ఉన్నచోట పారామీటర్ లేని ఓవర్‌లోడ్ ఇంకోటి పెట్టుకోవాలి.

ఇంకా నిక్కచ్చిగా మాట్లాడితే, ఈ విలువ కోడ్‌లో ఉండాల్సిందే కాదు. మూడు కాదు, ఐదు చేయండి అని మీకు ఎవరో చెప్పారంటే, నెల తిరక్కుండా నాలుగు చేయమని కూడా చెబుతారు. అది ఆపరేషన్స్ వాళ్లు చూసుకునే అంకె. యాప్‌సెట్టింగ్స్ ఫైలులో పెట్టి, ఆ ప్రాపర్టీ అక్కడి నుంచి చదివేలా చేస్తే, తర్వాతి మార్పుకు బిల్డే అక్కర్లేదు. పాస్‌వర్డ్‌లు, కీలు మాత్రం కాన్‌స్ట్, రీడ్‌ఓన్లీ, ప్రాపర్టీ ఈ మూడింటిలో ఎక్కడా రాసి పెట్టకండి. డీఎల్‌ఎల్‌ను తెరిచి అంకె చూసినంత సులువుగా స్ట్రింగ్‌నూ చూడొచ్చు.

మీ టీమ్‌లో జావా రాసేవాళ్లు ఉంటే వాళ్లకు కూడా చెప్పండి, స్టాటిక్ ఫైనల్‌లో అంకె గానీ స్ట్రింగ్ గానీ నేరుగా రాస్తే అక్కడా అది వాడినవాళ్ల క్లాస్ ఫైలులో అచ్చవుతుంది. సీ షార్ప్‌కు 2002లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచీ ఇందుకు రెండు వేర్వేరు కీవర్డులు ఉన్నాయి, జావాలో ఒకే రాత రెండు రకాలుగా పని చేస్తుంది కాబట్టి అక్కడ ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కాట్లిన్‌లో కాన్‌స్ట్ వ్యాల్, ఉత్త వ్యాల్ అని విడివిడిగా రాస్తారు. జావాస్క్రిప్ట్‌లోని కాన్‌స్ట్‌కు వీటితో సంబంధం లేదు. 2015లో భాషలోకి వచ్చిన ఆ కాన్‌స్ట్ మీ రీడ్‌ఓన్లీ లిస్టు లాంటిది, పేరును ఇంకోదానికి కట్టనివ్వదు, లోపలి సరుకును మార్చనిస్తుంది.

లైబ్రరీ తెరిచి పని మొదలుపెట్టాక పబ్లిక్ కాన్‌స్ట్‌లతో పాటు ఇంకో రెండు చోట్లు కూడా వెతకండి. పబ్లిక్ మెథడ్‌లలో పారామీటర్లకు ఇచ్చిన డిఫాల్ట్ విలువలు ఒకటి. అవి కూడా పిలిచినవాళ్ల కోడ్‌లోకే వెళ్లి కూర్చుంటాయి. టైమౌట్ డిఫాల్ట్‌ను 30 నుంచి 60 చేసి డీఎల్‌ఎల్ ఒక్కటే మారిస్తే పాత అప్లికేషన్లు 30 పంపుతూనే ఉంటాయి. రెండోది ఈనమ్‌లు. ఈనమ్‌లోని ప్రతి పేరూ కాన్‌స్టే. అంకెలు ఇవ్వకుండా పేర్లు మాత్రమే రాసి ఉన్న ఈనమ్‌లో ఎవరైనా మధ్యలో కొత్త పేరు దూర్చితే కిందివన్నీ ఒక్కో అంకె జరుగుతాయి. అప్పుడు రీబిల్డ్ కాని అప్లికేషన్ ‘రద్దయింది’ అనుకుని పంపిన 2, కొత్త లైబ్రరీకి ‘పెండింగ్’ అని అర్థమవుతుంది. అలాంటి ఈనమ్ కనిపిస్తే ప్రతి పేరుకూ ఇప్పుడున్న అంకెనే పక్కన రాసేయండి, కొత్తవి వస్తే చివర చేర్చమని పైన ఒక కామెంట్ పెట్టండి.